ఎనిమిదో వరుస

“ఆ పెన్ను ఇలా ఇవ్వండి బావగారూ.”

ఎలీసబెతు చెయ్యి చాపింది. మాట మర్యాదగానే ఉంది. చెయ్యి మాత్రం మోచేతి దాకా మట్టి కొట్టుకుని, వేపనూనె జిడ్డుతో, మంచం మీద పరిచిన కౌలు కాగితానికీ శామ్యూల్ రాజ్ పెన్నుకీ మధ్య అడ్డంగా ఆగింది.

శామ్యూల్ రాజ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన బందరులో సైన్సు మాస్టారు. క్లాసులో ఎవరైనా అల్లరి చేస్తే కేకలెయ్యడు, కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తుడుపు చూసే పిల్లలు నోళ్ళు మూసుకుంటున్నారు. తమ్ముడి ఇంటి వసారాలో మాత్రం ఆ పాచిక పారలేదు.

“అమ్మాయ్, నీ మీద కోపంతో చెయ్యట్లేదు ఇదంతా. తోట చూశావుగా?”

“చూశానండి. రోజూ చూసేది నేనే కదా.”

“మాడిపోయింది.”

“కొంత మాడింది.”

“కొంతేంటమ్మా! బస్సు దిగి రోడ్డు మీంచి చూస్తే నాకే గుండె గుభేలుమంది.”

“రోడ్డు మీంచి చూస్తే అలాగే ఉంటుందండి. దిగి చూస్తే వేరేగా ఉంటుంది. మీరు దిగలేదు.”

మంచం మీద కూర్చున్న మార్తమ్మ కోడలి వంకా కొడుకు వంకా మార్చి మార్చి చూసింది. ఆ యాభై సెంట్ల నేల ఆమె పేరున ఉంది. అటు శివరామయ్య రొయ్యల చెరువు, ఇటు శివరామయ్య రొయ్యల చెరువు, మధ్యలో ఈ బెండతోట. మూడేళ్ళుగా ఆయన అడుగుతూనే ఉన్నాడు, మధ్యలో ముక్క కూడా కౌలుకిస్తే మూడూ కలిపి ఒక్కటే చెరువు చేసుకుంటానని. మూడేళ్ళుగా మార్తమ్మ “తిండి పండే నేలయ్యా, వద్దులే” అంటూనే ఉంది. మొన్న గురువారం ఎలీసబెతు తోటకి వేపనూనె కొట్టింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆకులు అంచులు ముడుచుకుని, గోధుమరంగు తిరిగి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. శనివారం మొదటి బస్సుకే శామ్యూల్ రాజ్ కాగితం రాయించుకుని దిగాడు.

ఆయనకి కబురెవరిచ్చారో ఎలీసబెతుకి తెలుసు. స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్న జాన్సన్ ఇచ్చాడు. మొగుడు ఫోను చేశాడన్న సంగతికంటే, తనతో ఒక్కమాట చెప్పకుండా చేశాడన్నది ఆమెకి ఎక్కువ కోపం తెప్పించింది.

“ఒక్కసారి ఉప్పునీళ్ళు నిలిస్తే ఆ నేలలో మళ్ళీ గడ్డి కూడా మొలవదు బావగారూ. మీరు సైన్సు మాస్టారు, మీకు నేను చెప్పాలా?”

“ఇప్పుడు మాత్రం ఏం మొలుస్తోంది? తెల్లదోమ పట్టింది, మందు కొట్టవమ్మా అంటే నూనె కొట్టావు.”

“మందు ఎవరు కొట్టనిస్తారండీ? గాలికి ఒక్క చుక్క చెరువులో పడితే రొయ్యలు చచ్చిపోతాయని శివరామయ్య గారు గట్టు మీదకొచ్చి మరీ గొడవ చేశారు. ఆయన రొయ్య బతకాలి, నా బెండ బతకాలి. అందుకే నూనె పట్టుకున్నాను.”

“పట్టుకుని, ఉన్నదాన్ని మాడ్చావు.”

ఎలీసబెతు చెయ్యి వెనక్కి తియ్యలేదు.

“నా చేతుల్లో ఏదో తప్పు జరిగింది. నూనెలో తప్పు లేదు. పోయినసారి కొడితే ఏమీ కాలేదు, దోమ కూడా తగ్గింది. ఈసారి ఏం తేడా వచ్చిందో కనుక్కుంటాను. సాయంత్రం బస్సు దాకా ఆగండి.”

“ఆగితే ఏమవుతుంది?”

“ఆగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు బావగారూ. అందుకే ఆగమంటున్నాను.”

జాన్సన్ తలెత్తాడు. ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు. అందరూ అతని వంక చూశారు. అతను మళ్ళీ తల దించుకున్నాడు.

“ఐదున్నర బస్సు కదరా పెద్దోడా నీది?” అంది మార్తమ్మ. “అప్పటిదాకా నీ కాగితం ఎటూ పోదు. దాన్ని వెళ్ళి చూసుకోనీ.”

పెన్ను ఎలీసబెతు చేతిలో పడలేదు. శామ్యూల్ రాజ్ జేబులోకి వెళ్ళింది. ప్రస్తుతానికి ఆమెకి అదే చాలు.

*

తోటలోకి దిగి ఆమె మొదటి వరుస నుంచి నడిచింది.

మొదటి వరుస పచ్చగానే ఉంది. ఆకు తిప్పితే తెల్లదోమ గుప్పున లేచి మళ్ళీ అక్కడే వాలింది. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, అన్నీ అంతే. ఆకు బాగుంది, దోమ కూడా దర్జాగా ఉంది. ఏడో వరుస సగం మాడింది. ఎనిమిదో వరుస నిలువునా మాడింది.

తొమ్మిదో వరుస మళ్ళీ పచ్చగా ఉంది.

ఎలీసబెతు ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది. పదిహేను సగం, పదహారు పూర్తిగా. ఇరవై మూడు సగం, ఇరవై నాలుగు పూర్తిగా. ఎండ నెత్తి మీదకి ఎక్కుతున్నా ఆమెకి పట్టలేదు.

“ఏంటే అమ్మాయ్, తోటలో నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు? మీ అత్తగారితో పడిందా?”

గట్టు మీద మహాలక్ష్మి నిలబడి ఉంది. పాలకాయతిప్ప నుంచి చేపలు తెచ్చి ఊళ్ళమ్మట తిరిగి అమ్ముతుంది. నెత్తి మీద ఖాళీ గిన్నె, నడుముకి చెంగు. వెళ్తూ వెళ్తూ ఎలీసబెతు దగ్గర ఇన్ని బెండకాయలు కోసుకుపోవడం ఆమెకి అలవాటు.

“అత్తయ్యతో కాదు పిన్నీ, ఊరందరితో పడింది. ఇలా దిగు. నీ కళ్ళకి ఏం కనిపిస్తోందో చెప్పు.”

మహాలక్ష్మి గిన్నె దింపి తోటలోకి వచ్చింది. మాడిన ఆకు ఒకటి తుంచి వాసన చూసి మొహం చిట్లించింది.

“నూనె కంపు. వేపనూనె అచ్చంగా పోసేశావేంటే?”

“అచ్చంగా ఎందుకు పోస్తాను పిన్నీ? పిచికారీ ట్యాంకుకి కొలిచి పోశాను, సబ్బు తురిమి కలిపాను.”

“మరి ఇదిగో, ఈ మొక్క మీద నూనె ఉంది. ఆ పక్క మొక్క మీద చుక్క లేదు.” మహాలక్ష్మి రెండు ఆకులూ వేళ్ళతో రుద్ది చూపించింది. “ఒకే ట్యాంకేనా?”

“ఒకే ట్యాంకు. ఎనిమిది వరుసలకి ఒక...”

ఎలీసబెతు మాట అక్కడే ఆగింది.

ఎనిమిది వరుసలకి ఒక ట్యాంకు. ఎనిమిదో వరుసలో ట్యాంకు ఖాళీ అవుతుంది. ప్రతిసారీ చివర్లోనే నాజిల్ మూసుకుపోయింది. ప్రతిసారీ తను దాన్ని విప్పి, నోటితో ఊది, మళ్ళీ బిగించి కొట్టింది. ఎందుకు మూసుకుపోతోందా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

“నూనె పైకి తేలిపోయింది పిన్నీ,” అంది నెమ్మదిగా. “అడుగు నుంచి ముందు నీళ్ళు వచ్చాయి. ఆరు వరుసలకి ఉత్త నీళ్ళు కొట్టాను. పైనున్న నూనంతా చివర్లో దిగింది.”

“కలిపానన్నావుగా?”

“కలిపాను. పోయినసారి ఎలా కలిపానో ఈసారీ అలాగే.”

“ఏ నీళ్ళు?”

“బోరు నీళ్ళు. కాలువ కట్టేశారుగా, గుంటలో ఉన్న మంచినీళ్ళు మొక్కల మొదళ్ళకి ఉంచుదామని...”

మహాలక్ష్మి నడుము మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వింది.

“బోరు నీళ్ళలో సబ్బేసిందంట! నువ్వు గుడివాడ నుంచి కాపురానికొచ్చి ఎన్నేళ్ళయిందే? ఆ నీళ్ళలో ఒక్క గుడ్డన్నా ఉతికావా ఇన్నాళ్ళలో?”

ఉతకలేదు. ఉతకకూడదని కాపురానికొచ్చిన మొదటి నెలలోనే తెలిసింది. ఆ ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లగా విరిగి గుడ్డకే అంటుకుంటుంది. దివిసీమలో ప్రతి ఆడదీ కాలువ నీళ్ళు పట్టి దాచుకుని బట్టలుతుకుతుంది. తనూ అంతే చేస్తోంది. గుడ్డల విషయంలో ఇంత తెలిసినదానికి ట్యాంకు విషయంలో తెలియలేదు. మంచినీళ్ళు మిగల్చాలన్న పొదుపే కొంప ముంచింది.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెంటిలో ఏదీ బయటికి రానివ్వకుండా ఎలీసబెతు చెంగుతో మొహం తుడుచుకుంది.

“మరి మీ పేటలో అన్నీ ఉప్పునీళ్ళేగా పిన్నీ. తలంటుకోవాలంటే ఏం చేస్తారు?”

“సబ్బు ముట్టుకుంటామా? కుంకుడుకాయ. ఎంత ఉప్పు నీళ్ళైనా దానికి నురగ రావాల్సిందే. చేపల జిడ్డంతా పోయేది దాంతోనే.”

జిడ్డు పోతుందంటే, జిడ్డు నీళ్ళలో కలుస్తుందనేగా అర్థం. ఎలీసబెతు మహాలక్ష్మి రెండు చేతులూ పట్టుకుంది.

“బెండకాయలు కోసుకో పిన్నీ. ఎన్ని కావాలంటే అన్ని కోసుకో.”

“మాడిపోయినవా?” అంది మహాలక్ష్మి, నవ్వాపుకోకుండానే.

*

“నా కుంకుళ్ళ డబ్బా ఎవరు తీశారే?”

మార్తమ్మ కేక వంటింట్లోంచి వసారా దాకా వినపడింది. ఆ డబ్బా ఆమెకి ప్రాణం. అవనిగడ్డ సంత నుంచి ఏరి తెచ్చుకుని, ఎండబెట్టి, ఎవరి కంటా పడకుండా పై అరలో దాచుకుంటుంది.

“నేనే తీశాను అత్తయ్యా. గుప్పెడు కాదు, సగం డబ్బా తీశాను. తర్వాత తిట్టండి, ముందిది చూడండి.”

ఎలీసబెతు వసారా గోడ మీద రెండు పచ్చడి సీసాలు పెట్టింది. రెంటిలోనూ బోరు నీళ్ళే. ఒకదాంట్లో సబ్బు తురుము వేసి, వేపనూనె పోసి, మూత బిగించి గిలక్కొట్టింది. రెండోదాంట్లో ముందు నూనెనీ, నానబెట్టి పిసికిన చిక్కటి కుంకుడు రసాన్నీ కలిపి నురగలు వచ్చేదాకా చిలికి, తర్వాత నీళ్ళు పోసి గిలక్కొట్టింది. శామ్యూల్ రాజ్ కుర్చీలోంచి లేవకపోయినా మెడ మాత్రం అటే తిప్పాడు. ఎంతైనా సైన్సు మాస్టారు.

“ఇప్పుడు భోంచేద్దాం,” అంది ఎలీసబెతు.

భోజనాల ముందు ప్రార్థన మార్తమ్మ చేసింది, అది కూడా మామూలుగా చేసేదాంట్లో సగమే. చేపల పులుసు గిన్నె ఒకరి దగ్గర్నుంచి ఒకరికి జరిగింది. జాన్సన్ అన్నం కలిపాడు గానీ తినలేదు. ఎలీసబెతు చూసింది. ఏంటని అడగలేదు. అడగాల్సిన పని తనది కాదని, చెప్పాల్సిన పని అతనిదని ఆమె బిగదీసుకుని కూర్చుంది. ఆ పట్టుదల ఆ పూట ఎంత పని చేస్తుందో ఆమెకి తెలియదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి సబ్బు సీసాలో నూనె వేలెడు మందాన పైకి తేలి ఉంది. దాని కింద తెల్లటి విరుగుడు, దాని కింద నీళ్ళు. కుంకుడు సీసా మాత్రం పైనుంచి కిందదాకా పల్చటి మజ్జిగలా ఉంది.

“ఎనిమిదో వరుసకి పడింది ఇది,” అంది ఎలీసబెతు, మొదటి సీసాలో తేలిన నూనె మీద వేలు పెట్టి చూపిస్తూ. “మిగతా ఆరింటికి పడింది ఈ అడుగు నీళ్ళు. మాడినవి ఎందుకు మాడాయో, దోమ చావనిచోట ఎందుకు చావలేదో, రెండూ ఈ సీసాలోనే ఉన్నాయి బావగారూ.”

శామ్యూల్ రాజ్ కళ్ళజోడు పెట్టుకుని రెండు సీసాలూ వెలుతురుకి ఎత్తి చూశాడు.

“కలిసింది. ఒప్పుకుంటాను,” అన్నాడు. “సీసాలో కలిసింది. తోటలో దోమ చస్తుందా?”

“కొట్టగానే చావదండి. అబద్ధం చెప్పను. ఆకు చేదెక్కితే తిండి తగ్గిస్తుంది, గుడ్లు సరిగా పెట్టదు. వారానికోసారి, చల్లపూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వారంలో కొత్త చిగురు పచ్చగా వస్తే తోట నిలబడ్డట్టే. నలభై ఎనిమిదిలో ఇంకా ముప్పై ఆరు వరుసలకి ప్రాణం ఉంది.”

“వారం! శివరామయ్య గారు ఇవాళే తేల్చమన్నారు. ఆయన వేరే నేల చూసుకుంటే?”

“చూసుకోనివ్వండి.”

“నీకు తేలిగ్గానే ఉంటుంది. అమ్మ కాళ్ళు చూడు, ఎలా వాచాయో. రేపు తుఫానొచ్చి తోట కొట్టుకుపోతే ఎవరిది పూచీ? కౌలైతే వానొచ్చినా గాలొచ్చినా నడుస్తుంది. ఇది నీ ఒక్కదాని పంతం కాదమ్మాయ్, అందరి తిండి.”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఎలీసబెతుకి అది తెలుసు, అందుకే గొంతు పెరిగింది.

“అందరి తిండి అంటున్నారు కదా! మరి ఆ తిండి ఏ నేలలో పండుతుందండీ? ఈ ఊళ్ళో కూరగాయ మొక్క ఉన్నది ఇంకెక్కడో చూపించండి. కరివేపాకు కూడా బస్సెక్కి వస్తోంది. తుఫానొస్తే మళ్ళీ విత్తనం వేస్తాను, రెండుసార్లు వేశాను కూడా. ఉప్పు ఎక్కిన నేలలో ఏం వెయ్యను? మీరు బందరు వెళ్ళిపోతారు. పొద్దున లేస్తే ఆ నీళ్ళ వంక చూడాల్సింది నేను!”

“గొంతు తగ్గించు.”

“తగ్గించనండి. ఇన్నాళ్ళూ తగ్గించే ఉంచాను.”

శామ్యూల్ రాజ్ తమ్ముడి వంక చూశాడు.

“నువ్వేమంటావురా?”

“నేను... అన్నయ్యా, పొద్దున నేను...” జాన్సన్ నీళ్ళు నమిలాడు. “అమ్మ ఎలా అంటే అలా.”

ఎలీసబెతు నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేదని జాన్సన్‌కి అనిపించి ఉంటుంది, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మార్తమ్మ కళ్ళద్దాలు తెమ్మంది. కాగితం చేతిలోకి తీసుకుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా, పెదాలు కదుపుతూ, తొందర లేకుండా చదివింది. మిషను బడిలో బైబిలు కోసం నేర్చుకున్న చదువు అది. చదవడం అయ్యాక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దిండు పక్కనున్న బైబిల్లో ఉంచి, దాని మీద చెయ్యి వేసింది.

“వచ్చే శనివారం రా పెద్దోడా. చిగురు పచ్చగా లేకపోతే నేనే తీసి సంతకం పెడతాను.”

“అమ్మా, అది కాదు...”

“ఇందులోంచి నువ్వు తీస్తావా?”

శామ్యూల్ రాజ్ మొహం మాడ్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. తల్లి బైబిల్లోంచి కాగితం లాక్కునేంత ధైర్యం ఆ కుటుంబంలో ఇంకా ఎవరికీ పుట్టలేదు.

“నువ్వేంటే అలా నిలబడ్డావు?” అని మార్తమ్మ కోడలి మీద కూడా కసిరింది. “పొద్దు వాలుతోంది. కుంకుళ్ళన్నీ తగలేశావు, కొట్టేదేదో వెళ్ళి కొట్టు.”

*

ఎండ తగ్గింది. ఎలీసబెతు ట్యాంకు వీపుకెత్తుకుని ఇంటి వైపు నుంచి మొదలుపెట్టింది. ప్రతి ఆకూ చేత్తో తిప్పి, అడుగున తడిసేలా కొట్టింది. నాలుగు వరుసలకోసారి ఆగి ట్యాంకు కుదిపింది. ఎనిమిదో వరుసలో ట్యాంకు అడుగంటింది. నాజిల్ మూసుకుపోలేదు. చివరి చుక్క దాకా తెల్లగా, ఒకేలా వచ్చింది.

ఆమెకి ఒక్కసారిగా గట్టిగా అరవాలనిపించింది. సంతోషంతోనే.

రెండో ట్యాంకు అయింది. మూడోది అయింది. పెరట్లోంచి వచ్చిన జాన్సన్ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. సాయం రాలేదు, వెళ్ళనూ లేదు. మార్తమ్మ కర్ర ఊతంగా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి అతని పక్కన ఆగింది. బస్సుకి టైమవుతున్నా శామ్యూల్ రాజ్ కూడా సంచి పట్టుకుని వెనకే వచ్చాడు. చూడకుండా వెళ్ళలేకపోయాడు.

ఐదో ట్యాంకులో, ముప్పై ఎనిమిదో వరుస దగ్గర ఎలీసబెతు కాలికి చల్లగా తగిలింది.

ఈ వైపు ఇవాళ నీళ్ళు పెట్టలేదు. నిన్నా పెట్టలేదు. వంగి చూసింది. మొక్కల మొదళ్ళ మధ్య బోదె కాలువలో నీళ్ళు మెల్లగా, చప్పుడు లేకుండా ఆమె వైపుకే వస్తున్నాయి. మురికి ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

ట్యాంకు వీపునుండగానే ఆమె పరుగెత్తింది. తూర్పు గట్టుకి మూరెడు వెడల్పున గండి కొట్టి ఉంది. చెరువు నీళ్ళు అందులోంచి ధారగా దిగుతున్నాయి. గండి అవతల శివరామయ్య చెరువు గట్టు మీద ఆయన పనివాడు ఏడుకొండలు పార భుజాన పెట్టుకుని తాపీగా నిలబడి ఉన్నాడు.

“ఎవడు కొట్టమన్నాడ్రా ఈ గండి?”

ఏడుకొండలు కంగారుపడ్డాడు. “రేపు రొయ్యల పట్టుబడి అండీ, పట్టాలంటే చెరువు నీళ్ళు దించాలి కదండీ. మురుగుకాలువ పూడిపోయింది. ఈ తోట ఎటూ చెరువులో కలిసిపోతోంది, ఇందులోకి వదులుకోండని... పొద్దున్నే చెప్పారండీ.”

“ఎవరు?”

ఏడుకొండలు చూపు ఆమెని దాటి గట్టు మీదకి వెళ్ళింది. ఎలీసబెతు వెనక్కి తిరిగింది.

జాన్సన్ మొహం పాలిపోయింది.

“అమ్మ పొద్దున్నే సంతకం పెట్టేస్తుంది కదా అని...” అన్నాడు. “తోట మాడిపోయిందనుకున్నాను. నీకు చెబ్దామనే అనుకున్నాను. చాలాసార్లు అనుకున్నాను.”

శామ్యూల్ రాజ్ నోరు తెరిచాడు. ఈ సంగతి ఆయనకీ తెలిసినట్టు లేదు.

ఎలీసబెతు ట్యాంకు విప్పి ఒడ్డున దింపింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి గండిలోకి దిగి రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది. చేతులతో గట్టు మట్టి పెళ్ళలు పెరికి అడ్డం వేసింది. వేసినంతా జారిపోయింది. మళ్ళీ వేసింది. ఉప్పునీళ్ళు ఆమె మోకాళ్ళు తోసుకుని, సందు చేసుకుని, తడిసిన ఆకుల కిందకి పోతున్నాయి.

“నేను నూనె కొట్టింది మీ రొయ్యలు చావకూడదనిరా!” అని ఏడుకొండలు మీద అరిచింది. “పో, మీ శివరామయ్య గారికి చెప్పు. ఈ నేల ఇంకా చెరువు కాలేదు. ఎవడొస్తాడో నన్ను దాటుకుని రమ్మను!”

ఏడుకొండలు పార అక్కడే పడేసి చెరువు గట్టు వెంట పరుగెత్తాడు. పడేసిన పార గండికి అవతలి ఒడ్డున ఉంది. ఆమె కదిలితే గండి తెగిపోతుంది. కదలకపోతే పార అందదు.

ఆమె తలెత్తి గట్టు మీదకి చూసింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు. ఆ ఇంట్లో ఏ కోడలూ పిలవలేదు, ఆ వీధిలో కూడా ఎవరూ పిలవరు.

“జాన్సన్!”

ఆ పిలుపు చెరువు అవతల దాకా వినపడింది.

“ఆ పార తీసుకుని దిగు. దిగుతావా, అక్కడే నిలబడతావా, ఇప్పుడే తేల్చుకో!”

శామ్యూల్ రాజ్ సంచి చేతిలోంచి జారింది. జాన్సన్ కదల్లేదు. కింద నీళ్ళ వంక చూశాడు, అవతల పార వంక చూశాడు, తర్వాత, చిన్నప్పుడు తప్పు చేసి దొరికినప్పుడు చూసే చూపుతో, తల్లి మొహం వంక చూశాడు. కోడలు మొగుణ్ణి పేరు పెట్టి అరిచినందుకు అమ్మ ఏమంటుందో అని.

మార్తమ్మ కర్ర నేలకి తాటించింది.

“పిలుస్తోంది కదరా,” అంది, “వినపడట్లేదా?”